ఫ్లూ సూది తర్వాత జ్వరం: లెక్క ఎవరి దగ్గరుంది?

కోవిడ్ మూడో వేవ్ పిల్లల మీదే పడుతుందన్న మాట 2021 జూన్‌లో రాష్ట్రమంతా పాకింది. దానికి ఆధారం అప్పుడూ లేదు, తర్వాతా దొరకలేదు. అయినా ఆ భయాన్ని ప్రభుత్వం కూడా పక్కన పెట్టలేకపోయింది. ఐదేళ్లలోపు బిడ్డలున్న తల్లులకు కోవిడ్ టీకా ముందుగా వేయాలని ఆంధ్రప్రదేశ్ నిర్ణయించింది. బిడ్డలకు వేయడానికి మాత్రం కోవిడ్ టీకా అప్పటికింకా రాలేదు. చేతిలో ఉన్నది ఫ్లూ టీకా ఒక్కటే. అది కోవిడ్‌ను ఆపదు. కానీ రెండు జ్వరాలూ ఒకేలా కనిపించే కాలంలో ఒకదాన్నైనా తగ్గించగలిగితే ఇంటికీ ఆస్పత్రికీ అంత భారం తప్పుతుందన్నది వైద్యుల వాదన. విజయవాడలో సూర్యారావుపేట, గవర్నర్‌పేట, మొగల్రాజపురం వీధుల్లోని పిల్లల ఆస్పత్రుల్లో అంతకుముందు పెద్దగా ఎవరూ అడగని టీకాను అడిగేవాళ్లు అలా మొదలయ్యారు.

అడిగినవాళ్ల సందేహం దాదాపు ఒక్కటే. ‘ఇది వేయిస్తే జ్వరం వస్తుందటగా, అది టీకా జ్వరమో ఆ మాయదారి జ్వరమో మాకెలా తెలుస్తుంది?’ మామూలు రోజుల్లో టీకా జ్వరం ఒకట్రెండు మోతాదుల సిరప్‌తో పోయే వ్యవహారం. మహమ్మారి రోజుల్లో అదే జ్వరానికి ఇంటిల్లిపాదికీ ముక్కులో పుల్ల పెట్టించుకోవాల్సి వచ్చేది, తాతల్ని, నాయనమ్మల్ని వేరే గదికి తరలించాల్సి వచ్చేది, పక్కింటివాళ్ల చూపులు భరించాల్సి వచ్చేది. కాబట్టి ఆ ప్రశ్నను తెలియనివాళ్ల భయమని కొట్టిపారేయడం అన్యాయం. అది సరైన ప్రశ్నే. దానికి ప్రపంచంలో కొన్నిచోట్ల గట్టి సమాధానాలున్నాయి. మన కృష్ణా డెల్టాలో లేవు. ఎందుకు లేవన్నదే ఈ వ్యాసానికి అసలు విషయం.

ముందు తెలిసిన సంగతులు చూద్దాం. మన దగ్గర పిల్లలకు ఎక్కువగా వేసేది చచ్చిన వైరస్ ముక్కలతో చేసిన ఇంజక్షన్. అందులో బతికిన వైరస్ లేదు గనక దానివల్ల ఫ్లూ రాదు. సూది వేసిన చోట నొప్పి, ఎరుపు, కాస్త వాపు వస్తాయి. పసివాళ్లు ఆ రాత్రి చిరాకు పడతారు, పాలు తక్కువ తాగుతారు, కొందరికి ఒళ్లు వెచ్చబడుతుంది. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో అన్నీ సర్దుకుంటాయి. ముక్కులో కొట్టే టీకా వేరు. అందులో బలహీనపరిచిన బతికిన వైరస్ ఉంటుంది. దాని తర్వాత ముక్కు కారడం మామూలే. రెండేళ్లలోపు పిల్లలకు పిల్లికూతలు వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి వాళ్లకు అది వేయరు. ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరాడకపోవడం లాంటి తీవ్రమైన అలర్జీ లక్షల్లో ఒకరికి వచ్చేది. వస్తే చాలామటుకు మొదటి అరగంటలోనే బయటపడుతుంది. సూది వేశాక అరగంట కూర్చోమనేది అందుకే. బస్సు తప్పిపోతుందని లేచి వెళ్లిపోయేవాళ్లే మన దగ్గర ఎక్కువ.

తల్లిదండ్రులు నిజంగా హడలిపోయేది ఫిట్స్‌కి. ఆరు నెలల నుంచి ఐదేళ్ల వయసు పిల్లల్లో నూటికి ఇద్దరి నుంచి ఐదుగురి దాకా ఏదో ఒక జ్వరంలో ఒక్కసారైనా ఫిట్స్ వస్తాయి. అది డెంగీ జ్వరం కావచ్చు, గొంతు జ్వరం కావచ్చు, ఫ్లూ జ్వరమే కావచ్చు, టీకా జ్వరమూ కావచ్చు. ఫ్లూ టీకాను న్యుమోకోకల్ టీకాతో, డీపీటీ రకం టీకాతో ఒకే రోజు వేస్తే ఈ ప్రమాదం కొద్దిగా పెరుగుతుందని అమెరికా పరిశీలనలో తేలింది. అది కూడా ఎక్కువలో ఎక్కువ లక్షమందికి ముప్ఫై చొప్పున. చూడ్డానికి ప్రాణం పోతున్నట్టే ఉంటుంది గాని, ఈ జ్వరపు ఫిట్స్ చాలావరకు ఐదు నిమిషాల్లోపే ఆగిపోతాయి, మెదడుకు హాని మిగల్చవు. ఆ ఐదు నిమిషాల్లో పెద్దవాళ్లు చేసే పనులే హానికరం. చేతిలో తాళాలగుత్తి పెట్టడం వల్ల నష్టం లేదు, లాభమూ లేదు. నోట్లో చెంచా దూర్చడం, నీళ్లు పోయడం మాత్రం ప్రాణం మీదికి తెస్తాయి. బిడ్డను పక్కకి తిప్పి పడుకోబెట్టి, గడియారం చూసుకోవాలి. ఐదు నిమిషాలు దాటితే ఆస్పత్రికి పరుగెత్తాలి.

ఇక నిజంగానే టీకా తప్పు చేసిన సందర్భాలు. దాచాల్సిన పని లేదు. పిల్లల ఫ్లూ టీకా చరిత్రలో ఒక్క ఏడాదిలోనే రెండు జరిగాయి, రెండూ 2010లోనే, స్వైన్‌ఫ్లూ మహమ్మారి నీడలోనే.

మొదటిది ఆస్ట్రేలియాలో. అక్కడి పశ్చిమ రాష్ట్రంలో ఐదేళ్లలోపు పిల్లలకు ఫ్లూ టీకా ఉచితం. 2010 ఏప్రిల్‌లో పెర్త్ పిల్లల ఆస్పత్రికి టీకా వేసిన కొద్ది గంటలకే జ్వరం, ఫిట్స్‌తో వచ్చే పిల్లలు హఠాత్తుగా పెరిగారు. ఆ నెల 23న దేశమంతటా ఐదేళ్లలోపు పిల్లలకు ఫ్లూ టీకా ఆపేశారు. తీరా చూస్తే నేరం సీఎస్‌ఎల్ కంపెనీ తయారుచేసిన ఫ్లూవ్యాక్స్ అనే ఒక్క టీకాది. అదే ఏడాది అవే వైరస్ రకాలతో వేరే కంపెనీలు చేసిన టీకాలతో ఆ సమస్య రాలేదు. తర్వాతి పరిశోధనలో కారణమూ దొరికింది. వైరస్‌ను ముక్కలు చేసే రసాయనం చాలినంత పని చేయక, మిగిలిపోయిన ఆర్‌ఎన్‌ఏ, కొవ్వు శకలాలు పసివాళ్ల ఒంట్లో జ్వరాన్ని ఎగదోశాయి. ఆ టీకాను పసిపిల్లలకు వాడటం మానేశారు.

రెండోది యూరప్‌లో. స్వైన్‌ఫ్లూ కోసం గ్లాక్సోస్మిత్‌క్లైన్ చేసిన పాండెమ్‌రిక్స్ టీకాను యూరప్‌లో మూడు కోట్ల మందికి పైగా వేయించుకున్నారు. టీకాకు బలం రావడానికి అందులో ఏఎస్03 అనే నూనె మిశ్రమం కలిపారు. 2010 ఆగస్టులో స్వీడన్, ఫిన్లాండ్ డాక్టర్లు ఒక వింత గమనించారు. బడికెళ్లే పిల్లలు కూర్చున్నచోటే నిద్రలోకి జారిపోతున్నారు, నవ్వితే కాళ్లు పట్టు తప్పి కూలబడుతున్నారు. నార్కోలెప్సీ అనే ఈ జబ్బు ఒకసారి వస్తే జీవితాంతం ఉంటుంది. ఫిన్లాండ్‌లో టీకా వేయించుకున్న 4 నుంచి 19 ఏళ్లవారిలో సుమారు 16 వేలమందికి ఒకరికి వచ్చింది. ఒక ప్రత్యేకమైన జన్యురకం ఉన్నవాళ్లలోనే దాదాపు అన్ని కేసులూ కనిపించాయి. చైనాలోని బీజింగ్‌లో ఆ టీకా అసలు వాడలేదు. అయినా స్వైన్‌ఫ్లూ సీజన్ తర్వాత అక్కడా నార్కోలెప్సీ పెరిగింది. అంటే జబ్బు చేసే చెడులో కొంత టీకా కూడా చేసిందన్నమాట. పాండెమ్‌రిక్స్ ఇప్పుడు వాడుకలో లేదు.

పెద్దల విషయంలో ఇంకా పాత కథ ఒకటుంది. 1976లో అమెరికా రాని మహమ్మారికి భయపడి నాలుగున్నర కోట్ల మందికి స్వైన్‌ఫ్లూ టీకా వేసింది. లక్షమందికి ఒకరు చొప్పున గిలియన్ బరే పక్షవాతం అదనంగా వచ్చింది. మహమ్మారి రాలేదు గాని, టీకా పట్ల అనుమానం మాత్రం అక్కడ నిలిచిపోయింది. దీనికి ఎదురు ఉదాహరణ చైనా. 2009 సెప్టెంబరు నుంచి 2010 మార్చి దాకా దాదాపు తొమ్మిది కోట్ల డోసుల స్వైన్‌ఫ్లూ టీకా వేసి, దాని తర్వాత వచ్చిన ఇబ్బందులు ఎనిమిది వేల చిల్లర అని ఒక్కొక్కటీ లెక్కించి ప్రచురించింది. గిలియన్ బరే కేసులు పదకొండు. మామూలుగా ఏ టీకా లేకుండా వచ్చేదానికన్నా అవి ఎక్కువేమీ కావు.

ఈ కథలన్నిటిలో నాకు కనిపించేది ఒక్కటే. ఎంతమందికి వేశారో, ఏ రోజు ఏ కంపెనీది వేశారో రాసిపెట్టిన పుస్తకం ఉన్నచోటే తప్పు దొరికింది, తప్పు లేదని కూడా తేలింది. ఫిన్లాండ్‌లో ప్రతి పౌరుడి ఆరోగ్య వివరమూ ఒక రిజిస్టరులో ఉండబట్టే అంత అరుదైన జబ్బును పట్టుకోగలిగారు.

మన దగ్గరికి వద్దాం. భారతదేశంలో మొదటి స్వైన్‌ఫ్లూ కేసు 2009 మేలో హైదరాబాద్‌లోనే బయటపడింది. దేశంలో మొదటి మరణం ఆగస్టు 3న, పుణెలో, పద్నాలుగేళ్ల బాలిక. ఆ ఏడాది దేశం మొత్తంలో 27 వేల కేసులు, 981 మరణాలు నమోదయ్యాయి. మరుసటి ఏడాది కేసులు తగ్గినా మరణాలు 1,763కి పెరిగాయి. టీకా మాత్రం తాపీగా వచ్చింది. 2010 జూన్‌లో జైడస్ కాడిలా వారిది, జులైలో సీరమ్ ఇన్‌స్టిట్యూట్ ముక్కు టీకా, అక్టోబరులో మన హైదరాబాద్ భారత్ బయోటెక్ హెచ్‌ఎన్‌వ్యాక్. ఇంజక్షన్లకు మొదట అనుమతి పెద్దలకే. మహమ్మారి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది ఆగస్టు 10న. పిల్లలకు వేయగల టీకా బజారుకొచ్చిన నెలలోపే మహమ్మారి అధికారికంగా అయిపోయింది! మన పిల్లలకు 2009లో దొరికిన రక్షణ మెడలో కట్టిన కర్పూరం, యాలకుల మూట. 2015లో స్వైన్‌ఫ్లూ మళ్లీ విజృంభించి దేశంలో సుమారు మూడు వేలమందిని బలిగొన్నప్పుడు, ముఖ్యంగా తెలంగాణ వణికిపోయినప్పుడు, అదే మూట మళ్లీ బయటికొచ్చింది.

కాబట్టి ‘మహమ్మారి కాలంలో మన పిల్లలకు ఫ్లూ టీకా వల్ల ఏమైంది’ అని ఎవరైనా అడిగితే నిజాయితీగల జవాబు: చెప్పుకోదగినంతమందికి వేయనే లేదు. ఇప్పటికీ ఫ్లూ టీకా ప్రభుత్వ ఉచిత టీకాల జాబితాలో లేదు. ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా ఏటా వేయించమని ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ సిఫారసు చేస్తుంది. మొదటిసారైతే నాలుగు వారాల ఎడంతో రెండు డోసులు. ఆ పైన ఉబ్బసం, గుండె జబ్బు, మధుమేహం లాంటివి ఉన్న పిల్లలకు తప్పక వేయమంటుంది. కానీ డబ్బు ఇంట్లోంచే పోవాలి. ఒక్కో సూది రెండు వేల రూపాయల దరిదాపు. అవనిగడ్డ, కైకలూరు వైపు కౌలురైతు ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే ఈ టీకా మాట ఎత్తడమే దండగ.

అయితే టీకా చుట్టూ జరిగిన అనర్థాలు తెలుగునాట లేకపోలేదు. అవి ఫ్లూ టీకావి కాకపోయినా మన భయానికి మూలం వాటిలోనే ఉంది.

2009 జులైలో, సరిగ్గా స్వైన్‌ఫ్లూ రోజుల్లోనే, ఖమ్మం జిల్లాలో సుమారు 14 వేలమంది గిరిజన, పేద బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ఆపే హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన పథకం అది. గుజరాత్‌లోని వడోదరలోనూ ఇలాంటిదే నడిచింది. రెండు చోట్లా కలిపి ఏడుగురు బాలికలు చనిపోయారన్న వార్తతో 2010 ఏప్రిల్‌లో దాన్ని నిలిపేశారు. విచారణలో తేలిన కారణాలు పాముకాటు, నీట మునగడం, పురుగుమందు, మలేరియా. టీకా ఎవరినీ చంపినట్టు రుజువు కాలేదు. కానీ 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం బయటపెట్టిన సంగతి అంతకన్నా నొప్పించేది. వేలకొద్దీ అనుమతి పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు పెట్టేశారు. బిడ్డకు ఏం వేస్తున్నారో కన్నవాళ్లకు తెలియదు. సూది వేశాక ఆ బిడ్డలను క్రమం తప్పకుండా గమనించే ఏర్పాటు కూడా సరిగా లేదు. ఆ తర్వాత ఎవరైనా టీకాను నమ్మమంటే ఖమ్మం అడవిపల్లె తల్లి ఎందుకు నమ్మాలి?

రెండోది 2019 మార్చి, హైదరాబాద్ నాంపల్లి. పట్టణ ఆరోగ్య కేంద్రంలో పసిపిల్లలకు పెంటావాలెంట్ టీకా వేశారు. జ్వరం వస్తే వేయమని ఇచ్చిన మాత్రలు పారాసెటమాల్ కావు, ట్రామడాల్. పెద్దల తీవ్రమైన నొప్పికిచ్చే మత్తుమందు అది. పదులకొద్దీ పసివాళ్లను నీలోఫర్ ఆస్పత్రికి తరలించారు, కొందరు బతకలేదు. మొదటి రోజు వార్తల్లో నేరం టీకా మీదే పడింది. నిజానికి టీకా సీసాలో ఏ లోపమూ లేదు, మాత్రల అట్టలు మారిపోయాయి.

మూడోది చిన్నది గానీ మన ఇళ్లలోకి నేరుగా వచ్చింది. 2022 జనవరి 3న 15 నుంచి 18 ఏళ్లవారికి కోవాక్సిన్ మొదలైంది. కొన్ని కేంద్రాల్లో టీకాతోపాటు మూడు పారాసెటమాల్ 500 మాత్రలు వేసుకోమని చెప్పారు. రెండు రోజులకే భారత్ బయోటెక్ కంపెనీయే ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది: తమ టీకా తర్వాత మాత్రలు వేసుకోవాల్సిన పని లేదని, వచ్చే ఇబ్బంది చాలావరకు స్వల్పమేనని, రెండు రోజుల్లో పోతుందని. అవసరం లేని మందు ఇవ్వడం మన వైద్యానికి అలవాటైపోయిందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

డెల్టా పల్లెల్లో టీకా జ్వరం నిజంగా ప్రమాదంగా మారేది ఇక్కడే. విజయవాడలో పొద్దున సూది వేయించుకుని పండిట్ నెహ్రూ బస్టాండులో బస్సెక్కిన కుటుంబం ఊరు చేరేసరికి మధ్యాహ్నం. జ్వరం వచ్చేది రాత్రికి. టీకా వేసిన డాక్టరు అందుబాటులో ఉండడు, ఊళ్లో ఆర్‌ఎంపీ ఉంటాడు. ఆయన ఇచ్చేది ఇంకో ఇంజక్షన్, ఓ యాంటీబయాటిక్, ఒక్కోసారి నిమెసులైడ్ సిరప్. పన్నెండేళ్లలోపు పిల్లలకు నిమెసులైడ్‌ను కేంద్రం 2011 ఫిబ్రవరిలోనే నిషేధించింది. ఫ్లూ జ్వరమేమోనన్న అనుమానం ఉన్న పిల్లలకు ఆస్పిరిన్ అసలే ఇవ్వకూడదు, కాలేయాన్నీ మెదడునూ దెబ్బతీసే రేస్ సిండ్రోమ్ రావచ్చు. పారాసెటమాల్ ఒక్కటి చాలు. అందులోనూ ఒక మెలిక ఉంది. కిలో బరువుకు 15 మిల్లీగ్రాముల చొప్పున పది కిలోల బిడ్డకు 150 మిల్లీగ్రాములు కావాలి. ఐదు మిల్లీలీటర్లకు 125 ఉన్న సిరప్ అయితే అది 6 మిల్లీలీటర్లు. 250 ఉన్న సిరప్ అయితే 3. చుక్కల మందు అయితే ఒక్కో మిల్లీలీటరులోనే 100 ఉంటుంది కాబట్టి ఒకటిన్నర చాలు. 125 సిరప్ కొలతతోనే, అంటే 6 మిల్లీలీటర్లు, చుక్కల మందు పోస్తే నాలుగు రెట్లు లోపలికి పోతుంది. ఇంట్లో నాయనమ్మకు గాని, మందుల షాపు కుర్రాడికి గాని ఈ తేడా ఎవరూ చెప్పరు.

ఇంతకీ లెక్క ఎవరి దగ్గరుంది? ప్రభుత్వ టీకాలకైతే ఒక వ్యవస్థ ఉంది. టీకా తర్వాత ఏ ఇబ్బంది వచ్చినా ఏఎన్‌ఎం నుంచి మెడికల్ ఆఫీసరుకు, అక్కణ్నుంచి టీకా తర్వాతి ఇబ్బందులను పరిశీలించే జిల్లా కమిటీ (ఏఈఎఫ్‌ఐ)కి, తీవ్రమైనవైతే రాష్ట్రానికీ కేంద్రానికీ కబురు వెళ్లాలి. అది టీకా వల్లనా, సీసాలో లోపం వల్లనా, వేసినవాళ్ల పొరపాటు వల్లనా, భయం వల్లనా, కాకతాళీయమా అన్నది వాళ్లు తేల్చాలి. విజయవాడకు ఈ పని కొత్త కాదు. 2020 డిసెంబరులో కోవిడ్ టీకా రిహార్సల్‌కు దేశంలో ఎంచుకున్న నాలుగు రాష్ట్రాల్లో మనదొకటి, మన రాష్ట్రంలో ఎంచుకున్నది కృష్ణా జిల్లా. వచ్చినవాళ్ల పేరు నమోదు నుంచి అరగంట గమనించడం దాకా అక్కడ అంతా చేసి చూపించారు. రాష్ట్రానికి టీకాల గోదాము ఉన్నదీ గన్నవరంలోనే. 2021 జనవరి 16న రాష్ట్రంలో కోవిడ్ టీకా మొదలుపెట్టిందీ బెజవాడ పెద్దాస్పత్రిలోనే. చేతకానితనం మనది కాదని చెప్పడానికే ఇదంతా.

మరి ఫ్లూ టీకా సంగతి? అది ప్రైవేటు ఫ్రిజ్‌లోంచి వస్తుంది, ప్రైవేటు చేత్తో పడుతుంది, బిడ్డ పుస్తకంలో ఒక స్టిక్కరుగా మిగులుతుంది. కొన్నిచోట్ల ఆ స్టిక్కరు కూడా అంటించరు. ఒక వానాకాలంలో జిల్లాలో ఎంతమంది పిల్లలకు వేశారో ఏ కార్యాలయమూ చెప్పలేదు. ఎంతమందికి వేశారో తెలియనప్పుడు ఫిట్స్ వచ్చిన ముగ్గురు పిల్లలు వందలో ముగ్గురా లక్షలో ముగ్గురా అన్నది ఎవరు చెప్పగలరు? ప్రైవేటు డాక్టర్లూ దుష్ప్రభావాలను జిల్లా కమిటీకి తెలపాలని జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. తెలిపితే తమ ఆస్పత్రి పేరు చెడుతుందన్న భయం, తెలపకపోతే అడిగేవాళ్లు లేకపోవడం, రెండూ కలిసి ఆ కాగితాన్ని సొరుగులోనే ఉంచుతున్నాయి. దీనికి నేను డాక్టర్లను ఒక్కళ్లనే తప్పుపట్టను. కబురు చెప్పినవాణ్నే ముద్దాయిగా నిలబెట్టే పత్రికలది, బంధుమూకలది కూడా ఇందులో వాటా ఉంది.

పూర్తిగా సమర్థించలేని మాట ఒకటి టీకా పక్షంవాళ్లూ అంటారు, ‘ఇది నూరుశాతం సురక్షితం’ అని. ఏ మందూ అలా ఉండదు. ఇప్పటి పిల్లల ఫ్లూ టీకాలు ఫ్లూ జబ్బు కంటే చాలా సురక్షితం, ఇది చెప్పడానికి దశాబ్దాల ఆధారం ఉంది. అంతకుమించి చెప్పనక్కర్లేదు. ఎక్కువ చెప్పినకొద్దీ మొదటి జ్వరంతోనే నమ్మకం పోతుంది.

ఈ చర్చ గతించిన మహమ్మారి కోసం కాదు. 2025 ఆరంభంలో బర్డ్‌ఫ్లూ గోదావరి జిల్లాల కోళ్లఫారాలను ఖాళీ చేసి, ఎన్టీఆర్ జిల్లా గంపలగూడెం దాకా వచ్చింది. ఆ మార్చిలోనే నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప మంగళగిరి ఎయిమ్స్‌లో చనిపోయింది. హెచ్5ఎన్1 వైరస్ అని పుణె ప్రయోగశాల నిర్ధారించింది. ఆ వైరస్ మనిషి నుంచి మనిషికి పాకడం లేదు, పాప చుట్టుపక్కలవాళ్లెవరికీ సోకలేదు. ఏటా వేసే ఫ్లూ టీకా దాన్ని ఆపదు. కానీ అది పాకడం నేర్చిన రోజున 2009లో లాగే హడావుడిగా తయారైన కొత్త టీకా ఒకటి వస్తుంది, మన పిల్లల చేతికి సూదీ వస్తుంది. ఆ రోజు దాని మంచిచెడ్డలు లెక్కించే పుస్తకం అప్పటికప్పుడు పుట్టదు.

అందుకే ఆరోగ్యశాఖ చేయాల్సిన పని పెద్దదేమీ కాదు: ప్రైవేటుగా వేసే ప్రతి ఫ్లూ టీకానూ ప్రభుత్వ టీకాల మాదిరే ఆన్‌లైన్‌లో నమోదు చేయించడం, తెలిపిన డాక్టరుకు రక్షణ ఇవ్వడం. తల్లిదండ్రులు చేయగలిగింది ఇంకా చిన్నది. మన ప్రాంతంలో ఫ్లూ ఎక్కువగా వానాకాలంలో వస్తుంది కాబట్టి టీకా ఏప్రిల్, మే నెలల్లో, బడులు తెరవకముందే వేయించండి. జ్వరంతో ఉన్న బిడ్డకు వేయించకండి. సీసా మీద కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు కార్డులో రాయించుకోండి. అరగంట కూర్చోండి. బిడ్డ బరువు చెప్పి, మీ ఇంట్లో ఉన్న సిరప్ సీసా చూపించి, ఎంత పోయాలో డాక్టరు చేత రాయించుకోండి. ఏదైనా తేడా కనిపిస్తే వేసిన డాక్టరుకు చెప్పండి, ఆయన పట్టించుకోకపోతే మందుల దుష్ప్రభావాల జాతీయ కేంద్రానికి 1800 180 3024కు మీరే ఫోన్ చేయండి. ఆ ఫోన్ ఉచితం, తెలపడానికి డాక్టరే అయివుండాలన్న నియమం లేదు.